97 పెట్టినా 101 ఎందుకు? వేసవిలో హాట్ టబ్ కరెంటు లెక్క

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మార్చిలో కొన్న ఇంటితో పాటు పెరట్లో ఒక హాట్ టబ్ కూడా వచ్చింది. ఐదుగురు కూర్చునేది, 350 గ్యాలన్లు, 240 వోల్టులది. ఏప్రిల్‌లో 1,150 యూనిట్లు వచ్చిన కరెంటు బిల్లు జూలైలో 2,640 యూనిట్లయి 396 డాలర్లకు చేరింది. టబ్బు వల్లే ఇంత వచ్చిందని, వేసవి అయ్యేదాకా దాని బ్రేకర్ దించేద్దామని మా వారు అంటున్నారు. గుంటూరు నుంచి మే నెలలో వచ్చిన మా అత్తగారు మోకాళ్ల నొప్పులకు రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు అందులో కూర్చుంటారు. అమెరికాలో ఆవిడకు నచ్చింది అదొక్కటే. వాడాక మూత వేయడం ఎవరైనా మరిచిపోతే ఊరుకోరు కూడా. ఇంకో సంగతి. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని 102 నుంచి 97కు తగ్గించాం. అయినా ప్యానెల్ మీద 101 చూపిస్తోంది. హీటర్ చెడిపోయి ఆగకుండా నడుస్తోందేమో, బిల్లు అందుకే పెరిగిందేమో అని నా భయం. పక్కింటివారేమో రాత్రిపూట కరెంటు ఉచితంగా ఇచ్చే ప్లాన్‌కు మారమంటున్నారు. ఏం చేయమంటారు?

— ఒక కోడలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, బ్రేకర్ జోలికి వెళ్లకండి. మీ జూలై బిల్లులో టబ్బు వాటా నా లెక్కకు ఇరవై డాలర్లకు అటూ ఇటూగా తేలింది. మిగిలిన సొమ్ములో సింహభాగం ఎవరు తిన్నారో తెలియాలంటే ఇంటి పక్కన గోడవారగా రాత్రింబవళ్లు గిర్రున తిరుగుతున్న ఏసీ దగ్గరికి వెళ్లి నిలబడండి. మీవారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి, మీరు చెబితే అత్తగారి పక్షం వహించారంటారు.

హీటర్ కూడా చెడిపోయి ఉండదనే అనుకుంటున్నాను. 97 పెడితే 101 చూపించడం వేసవిలో టబ్బులకు వచ్చే మామూలు జబ్బు. దాని కథ కొంచెం పెద్దది, కాస్త తర్వాత చెబుతాను. ముందు బిల్లు సంగతి చూద్దాం. (ఈ జవాబులో డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే. మీ బిల్లులో కిలోవాట్ అవర్ అని ఉండేదే మనం ఇంటి దగ్గర యూనిట్ అనేది.)

మీ ఉత్తరంలో మీరు గమనించని ఒక సాక్ష్యం ఉంది. ఏప్రిల్‌లోనూ టబ్బు నడిచింది, అప్పుడు బిల్లు 1,150 యూనిట్లే. హాట్ టబ్ కరెంటు తినేది నీళ్లను వేడెక్కించడానికి కాదు, ఎక్కిన వేడిని నిలబెట్టడానికి. ఆ వేడి ఎంత త్వరగా జారిపోతుందన్నది నీళ్లకూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. మీ ఊళ్లో పగలూ రాత్రీ కలిపి సగటు చూస్తే ఏప్రిల్‌లో సుమారు 66 డిగ్రీలు, జూలైలో 87 దాకా. నీళ్లు 102 దగ్గర ఉన్నాయనుకుంటే ఏప్రిల్‌లో తేడా 36 డిగ్రీలు, జూలైలో 15. అంటే జూలై వచ్చేసరికి టబ్బు నుంచి పోయే వేడి సగానికంటే తగ్గింది. బిల్లేమో రెట్టింపు దాటింది. తగ్గిన ఖర్చు వల్ల బిల్లు ఎలా పెరుగుతుంది? మీవారి వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఇక అంకెలు. కాలిఫోర్నియాలో కొత్త టబ్బులు అమ్మాలంటే, మూత వేసి ఊరికే ఉంచినప్పుడు అవి ఎన్ని వాట్లు తీసుకోవచ్చో ఒక పరిమితి ఉంది. బయట 60, లోపల నీళ్లు 102 ఉండగా కొలుస్తారు. 350 గ్యాలన్ల టబ్బుకు ఆ పరిమితి సుమారు 226 వాట్లు. మీది పాతది కాబట్టి 250 అనుకుందాం. 42 డిగ్రీల తేడాకు 250 వాట్లంటే డిగ్రీకి ఆరు వాట్లు. దాన్ని పట్టుకుని లెక్క వేస్తే జూలైలో మీ టబ్బు నుంచి జారిపోయేది 90 వాట్లు, రోజుకు రెండు యూనిట్ల పైచిలుకు. ఏప్రిల్‌లో అదే ఐదు యూనిట్లు. జనవరిలో బయట సగటు 46కు పడిపోతుంది కనుక ఎనిమిది యూనిట్లు. మీ పెరట్లోది చలికాలపు తిండిపోతు. మీరు దాన్ని వేసవిలో పట్టుకుని దండిస్తున్నారు.

దీనికి అత్తగారి ఇరవై నిమిషాలు కలపండి. నీటి ధారలు చిమ్మే జెట్లు వేసినప్పుడు పంపు రెండు కిలోవాట్ల దాకా లాగుతుంది, ఇరవై నిమిషాలకు ముప్పావు యూనిట్ కంటే తక్కువే. మూత తీసి ఉంచినంతసేపూ నీళ్లు ఆవిరై పోతాయి. ఒక లీటరు ఆవిరైతే దాంతో పాటు యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడి పోతుంది. అదొక యూనిట్ అనుకోండి. అన్నీ కలిపితే రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120. మీరు కడుతున్న ధర తెలుసుకోవడానికి ప్లాన్ కాగితాలన్నీ తిరగేయక్కర్లేదు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించండి. 396ను 2,640తో భాగిస్తే పదిహేను సెంట్లు. 120 యూనిట్లకు 18 డాలర్లు. మీ టబ్బు నా ఊహకంటే అధ్వానంగా ఉందనుకున్నా పాతిక దాటదు.

అటువైపు నాలుగు టన్నుల ఏసీ నడుస్తున్నప్పుడు నాలుగు కిలోవాట్ల దాకా లాగుతుంది. టెక్సస్ జూలైలో అది రోజుకు పన్నెండు గంటలు నడవడం వింతేమీ కాదు. నలభై ఎనిమిది యూనిట్లు, అదీ ఒక్క రోజుకు! టబ్బుకు పన్నెండు రోజుల గ్రాసం. థర్మోస్టాట్ ఎంతలో పెట్టుకున్నారో మీరు రాయలేదు, నేను అడగను. అది అత్తాకోడళ్ల మధ్య కంటే భార్యాభర్తల మధ్య పెద్ద యుద్ధమని నాకు తెలుసు.

నా లెక్క నమ్మబుద్ధి కాకపోతే మీటరునే అడగవచ్చు. డాలస్ చుట్టుపక్కల ఇళ్లకు ఉన్న స్మార్ట్ మీటర్లు ప్రతి పదిహేను నిమిషాలకూ ఎంత వాడారో రాసి పెట్టుకుంటాయి. స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే వెబ్‌సైట్‌లో మీ మీటరు నంబరుతో ఖాతా తెరిస్తే ఆ పద్దు మర్నాటికల్లా మీ కళ్ల ముందు ఉంటుంది. చిక్కు ఏమిటంటే ఏసీ కూడా నాలుగు కిలోవాట్లే, టబ్బు హీటరు కూడా నాలుగు కిలోవాట్లే. మీటరు కంటికి ఇద్దరూ కవలలు. అందుకని ఒకరిని పక్కకు తప్పించి చూడాలి. తెల్లవారి ఆరు గంటలకు, ఇల్లు ఇంకా చల్లగా ఉండగా, ఏసీని అరగంట ఆపేయండి. వాషింగ్ మెషీను, పొయ్యి, కారు చార్జరు ఏవీ వేయవద్దు. టబ్బును మాత్రం ముట్టుకోవద్దు. మర్నాడు ఆ అరగంటలోని రెండు అంకెలు చూడండి. హీటరు నడిచి ఉంటే పదిహేను నిమిషాలకు ఒక యూనిట్ చొప్పున కనబడుతుంది. పంపు ఒక్కటే నడిస్తే, ఫ్రిజ్జుతో కలిపి 0.15 దగ్గర ఉంటుంది. ఇలా మూడు నాలుగు పొద్దులు చూస్తే ఏ మెకానిక్కూ అక్కర్లేకుండానే హీటరు ఎంత తరచుగా లేస్తోందో తెలుస్తుంది. మీ ఇంట్లో అది దాదాపు లేవడం లేదని నా అనుమానం.

ఆ అనుమానం ఎందుకో చెప్పడమంటే 101 కథ చెప్పడమే.

నాకూ ఒక జూలైలో ఇలాగే జరిగింది. నేను 98 పెట్టాను, అది 102 చూపిస్తోంది. మెకానిక్‌ను పిలిస్తే అతను వచ్చి, ప్యానెల్ వైపు ఒకసారి చూసి, ఉష్ణోగ్రత సెన్సార్ పోయిందన్నాడు. కొత్తది బిగించి డబ్బు తీసుకుని వెళ్లాడు. మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ 102. ఆ రోజు సాయంత్రం టబ్బు పక్కన తలుపు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాను. ప్యానెల్ మీద హీటరు గుర్తు ఆరిపోయే ఉంది. పంపు మాత్రం మెల్లగా మూలుగుతోంది. దాని మోటారు మీద చెయ్యి పెడితే పెట్టినంత వేగంగా వెనక్కి వచ్చింది. కాల్చిన వేరుశనక్కాయల బాండీలా ఉంది. లోపలి గూడంతా వడగాలి. అప్పుడు బుర్ర వెలిగింది.

పంపు తినే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. మోటారు వేడి కొంత, నీళ్లను గొట్టాల్లో తోసే రాపిడి కొంత. టబ్బు గోడల మధ్య నురుగు కూరి ఉంటుంది కాబట్టి ఆ వేడిలో ఎక్కువ భాగం తప్పించుకునే దారిలేక నీళ్లలోకే వెళుతుంది. చలికాలంలో ఇది వరం. బయటికి పోయే వేడి ఎక్కువ కనుక పంపు ఇచ్చింది చాలక హీటరు కూడా సాయం పడుతుంది. వేసవిలో పోయేదే తక్కువ, పంపు ఇచ్చేది మాత్రం అంతే. ఆదాయం ఖర్చును మించితే పెట్టెలో డబ్బు పేరుకున్నట్టు నీళ్లలో వేడి పేరుకుంటుంది.

మీ ఫిల్టర్ సైకిల్, అంటే పంపు నీళ్లను తిప్పి వడపోసే విడత, ఎన్ని గంటలకు పెట్టి ఉందో రాయలేదు. పాత యజమాని పెట్టినదాన్ని మీరు ముట్టుకుని ఉండరు. రోజుకు రెండు విడతలు, ఒక్కో విడత నాలుగు గంటలు అనుకుందాం, చాలా ఇళ్లలో ఇలాగే ఉంటుంది. తక్కువ వేగంలో పంపు సుమారు 300 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 2.4 యూనిట్లు. రోజు మొత్తం మీద సర్దితే సగటున వంద వాట్ల పొయ్యి మీ టబ్బు కింద ఆరకుండా మండుతున్నట్టు లెక్క. డిగ్రీకి ఆరు వాట్ల చొప్పున వేడి జారిపోయే టబ్బులో వంద వాట్లు పోస్తే, నీళ్లు బయటి సగటుకంటే పదహారు డిగ్రీలు పైన నిలబడతాయి. 87కు 16 కలపండి. 103. అందులో కాస్త తరుగు తీసేస్తే మీ 101 కనబడుతోందా? హీటరు వేలు కూడా కదపలేదు. మీరు 97 అన్నారు కాబట్టి అది నిద్రపోతోంది. నీళ్లు కాస్తున్నది పంపు.

అయితే హీటరు నిజంగానే ఇరుక్కుపోయి ఆగకుండా నడిచే అవకాశం ఉంది, అరుదుగా జరుగుతుంది, ప్రమాదం కూడా. రెంటికీ తేడా తెలుసుకోవడానికి గడియారం చాలు. ఎవరూ వాడని సమయంలో మూత వేసి, ఫిల్టర్ నడుస్తుండగా ప్యానెల్ మీద అంకె రాసుకోండి. గంట తర్వాత మళ్లీ చూడండి. 350 గ్యాలన్ల నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి 0.86 యూనిట్ కావాలి. నాలుగు కిలోవాట్ల హీటరు నడుస్తుంటే గంటలో నాలుగు డిగ్రీల పైన పెరుగుతుంది. పంపు ఒక్కటే అయితే గంటకు మూడో వంతు డిగ్రీ, అంటే అంకె మారకపోవచ్చు కూడా. గంటలో నాలుగు డిగ్రీలు ఎక్కిందా, అప్పుడు బ్రేకర్ దించేసి మెకానిక్‌ను పిలవండి, అత్తగారిని దగ్గరికి వెళ్లనివ్వకండి. ఎక్కలేదా, డబ్బు దాచుకోండి.

మందు చాలా చవక. ఫిల్టర్ గంటలు తగ్గించండి. రెండు విడతలను రెండేసి గంటలకు కుదిస్తే పంపు వేడి సగమవుతుంది, నీళ్లు 95, 96 దగ్గరికి దిగుతాయి, అప్పుడు మీరు పెట్టిన 97కు అర్థం వస్తుంది. రోజుకు ఒక యూనిట్ పైగా ఆదా, నెలకు ఐదు డాలర్లు. ఐదు డాలర్ల కోసం ఇంత కథా అంటారేమో. డబ్బు తక్కువే, కానీ మీ అసలు బాధ నీళ్లు దిగకపోవడం కదా. ఈ మార్పును ఒక్కసారిగా కాకుండా వారంలో గంట చొప్పున చేయండి. నీళ్లు మసకబారినా, అడుగు కనబడకపోయినా మళ్లీ ఒక గంట పెంచండి. రోజూ ఒకే మనిషి వాడే టబ్బుకు, అదీ స్నానం చేసి దిగే మనిషైతే, నాలుగు గంటల వడపోత సరిపోవాలి. ఫిల్టర్ గొట్టం తీసి నీళ్ల పైపుతో కడిగి ఎన్నాళ్లయింది? మురికి పట్టిన ఫిల్టర్‌తో ఎన్ని గంటలు తిప్పినా వృథా.

కొన్ని టబ్బుల్లో రోజంతా ఆగకుండా తిరిగే చిన్న పంపు వేరుగా ఉంటుంది. దానికి గంటలు మార్చే వీలుండదు. అలాంటివాటి ప్యానెల్‌లో వేసవి మోడ్ ఉందేమో మాన్యువల్‌లో చూడండి. అది ఉంటే పగటిపూట కొన్ని గంటలు ఆ పంపు ఆగుతుంది. అదీ లేకపోతే, రాత్రి పడుకునే ముందు అరగంట మూత తీసి జెట్లకు గాలి వాల్వులు తెరిచి వదిలేయండి. ఆవిరి రూపంలో వేడి పోయి ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది. మీ అత్తగారికి ముందే చెప్పి చేయండి. లేకపోతే మూత తీసి ఉందని ఆవిడ లేచి వెళ్లి వేసేస్తారు.

ఆవిడ మూత పట్టింపు చూస్తే మా పెరట్లో రాగి కాగు గుర్తొచ్చింది. తెల్లవారుజామున మా నాయనమ్మ దాని కింద తాటాకులు ఎగదోసి, మీద ఇత్తడి పళ్లెం బోర్లించేది. మేము నీళ్లు తోడుకుని పళ్లెం పక్కన పడేసి వెళ్తే, తర్వాత స్నానానికి వచ్చేవాడికి గోరువెచ్చని నీళ్లే దక్కేవి, మాకు తిట్లు దక్కేవి. నీళ్లు పోగొట్టుకునే వేడిలో ఎక్కువ భాగం పైముఖం నుంచి ఆవిరితోనే పోతుంది. ఆ సంగతి ఏ థర్మామీటరూ లేకుండా తెలుసుకున్న తరం అది.

మూత గురించి మాటొచ్చింది కాబట్టి మీ మూత బరువు ఒకసారి చూడండి. మధ్యలో మడత ఉంటుంది కదా, ఒక సగాన్ని అంచు పట్టుకుని లేపండి. లోపలి నురుగుపలక పొడిగా ఉంటే ఒక చేత్తో తేలిగ్గా లేస్తుంది. రెండు చేతులకూ లేవడం లేదంటే పలక నీళ్లు తాగింది. తడిసిన పలక వేడిని ఆపదు, తడిసిన రగ్గు కప్పుకున్నట్టు ఉంటుంది. చలికాలపు ఉదయం మడత దగ్గర నుంచి పొగలా ఆవిరి లేస్తుంటే అదీ అదే రోగం. టెక్సస్ ఎండ మూత పైనున్న వినైల్‌ను పగలగొట్టేస్తుంది, అక్కడి నుంచే తేమ దిగుతుంది. కొత్త మూత నాలుగైదు వందల డాలర్లవుతుంది. జూలై బిల్లు చూసి బెదిరి ఇప్పుడే కొనకండి, వేసవిలో అది మిగిల్చేది చిల్లర. నవంబరు లోపల కొంటే చాలు. జనవరిలో రోజుకు ఎనిమిది యూనిట్లు పోయే చోట మూత విలువ తెలుస్తుంది.

ఇప్పుడు మీవారి ప్రతిపాదనకు వద్దాం. వారాంతాల్లో మాత్రమే వాడేవాళ్లు నన్ను ఇదే అడుగుతుంటారు, మధ్యలో ఆపేస్తే మిగులుతుందా అని. ఆపేసి మళ్లీ కాచుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది తప్పు. చల్లారిన నీళ్ల నుంచి వేడి తక్కువగా పోతుంది కాబట్టి ఆపితే కొంత మిగిలే తీరుతుంది. ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న. జూలైలో మీ టబ్బును ఐదు రోజులు పూర్తిగా ఆపేస్తే నీళ్లు 102 నుంచి సుమారు 93కు దిగుతాయి. మళ్లీ కాయడానికి ఏడు యూనిట్ల పైన కావాలి. ఆపకుండా ఉంటే ఆ ఐదు రోజుల్లో పోయే వేడి పదకొండు యూనిట్లు. మిగిలింది మూడున్నర యూనిట్లు. యాభై సెంట్లు! కాఫీకి కూడా రావు.

ఆ యాభై సెంట్ల కోసం మీరు కొని తెచ్చుకునేది వేరే ఉంది. 77 నుంచి 113 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. ఆ నీటి తుంపరలు పీల్చితే నిమోనియా లాంటి జబ్బు వస్తుంది, పెద్ద వయసు వాళ్లకు అది ప్రాణాంతకం కూడా కావచ్చు. బ్రేకర్ దించి, వడపోత ఆపి, మందు వేయకుండా జూలై ఎండలో నెల రోజులు వదిలేసిన టబ్బు ఆ పురుగుకు అత్తారిల్లు. నిజంగా మూసేయాలనుకుంటే నీళ్లన్నీ వదిలి, గొట్టాల్లో మిగిలినవి కూడా ఊదించి, ఆరబెట్టి మూసేయాలి. సగం పని చేయకూడదు. నడుపుతూ ఉంటే మాత్రం వాడే ముందు నీళ్లలో మందు ఎంత ఉందో చూపించే పరీక్ష పట్టీ ముంచి చూడటం అలవాటు చేసుకోండి. క్లోరిన్ అయితే కనీసం 3, బ్రోమిన్ అయితే 4 నుంచి 8, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలని ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. వేడి నీళ్లలో క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. నిన్న బాగుంది కదా అని ఈ రోజు వదిలేయకూడదు.

శీతాకాలంలో ఆపేయడం మరీ ప్రమాదం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు గొట్టాల్లో నీళ్లు గడ్డకడితే ఏమవుతుందో ఇక్కడివాళ్లు చూశారు. మీరు కొత్తగా వచ్చారు కాబట్టి చెబుతున్నాను.

పక్కింటివారి సలహా. రాత్రి ఉచితమనే ప్లాన్లలో పగటి యూనిట్ ధర ఎక్కువగా ఉంటుంది, ఉచితం ఎలా వస్తుందనుకున్నారు? టబ్బు తినే నాలుగు యూనిట్లను రాత్రికి మార్చి మీరు మిగుల్చుకునేది రోజుకు అరవై సెంట్లు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఏసీ తినే ఇరవై పైచిలుకు యూనిట్లకు ఎక్కువ ధర కట్టాల్సి వస్తే ఆ అరవై సెంట్లు ఏ మూలకు? కారు కరెంటుదై రాత్రిపూట చార్జి చేసేవాళ్లకు ఇలాంటి ప్లాన్ కలిసి రావచ్చు. మీకు కారు సంగతి ఏమిటో నాకు తెలియదు. పదిహేను నిమిషాల పద్దు ఎలాగూ తీస్తున్నారు కదా, అందులో రాత్రి వాటా, పగటి వాటా వేరు చేసి రెండు ధరలతో గుణించి చూడండి. టబ్బు కోసం మాత్రం ప్లాన్ మార్చకండి.

ఇక అత్తగారి సంగతి. ఖర్చుకంటే దీని మీద మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా కోరిక. నీళ్లు 104 దాటకూడదన్నది ఇక్కడ టబ్బులకు గరిష్ఠ పరిమితి. అది ఆరోగ్యంగా ఉన్న వయోజనులకు. సాయంత్రం ఆరింటికి బయట 98 ఉండగా 101 డిగ్రీల నీళ్లలో కూర్చుంటే ఒంటికి పట్టిన వేడి పోయే దారి ఉండదు. చెమట పడుతుంది, ఆరదు. రక్తపోటుకు మందులు వేసుకుంటుంటే లేచి నిలబడేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గితే వేడి ఎంత ఉందో కాళ్లకు తెలియదు. ఈ రెండింటిలో ఏదైనా ఉంటే, గుండె జబ్బు ఉంటే, ముందు డాక్టరును అడగండి. ఏవీ లేకపోయినా వేసవిలో 97, 98 చాలు. మోకాళ్లకు సుఖమిచ్చేది వేడి ఒక్కటే కాదు, నీళ్లలో ఒంటి బరువు తేలిపోవడం కూడా. సమయాన్ని సాయంత్రం నుంచి పొద్దున ఏడింటికి ముందుకు మార్చగలిగితే మరీ మంచిది, గాలి చల్లగా ఉంటుంది. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. చెంబుతో మంచినీళ్లు దగ్గర పెట్టండి, ఇరవై నిమిషాలు కాకముందే లేవమనండి.

నీళ్లు మార్చి నాలుగు నెలలు దాటిందని మీ తేదీలు చూస్తే తెలుస్తోంది. మార్చిలో ఇల్లు అప్పగించేటప్పుడు పాత యజమాని నింపిన నీళ్లే అయి ఉంటాయి. దీనికి ఆగస్టును మించిన నెల లేదు. మీ ఊళ్లో ఇప్పుడు కుళాయి నీళ్లే 85 దగ్గర వస్తాయి. అక్కడి నుంచి 97కు తేవడానికి పది యూనిట్లు, డాలరున్నర. అదే పని జనవరిలో 50 డిగ్రీల నీళ్లతో చేస్తే నలభై యూనిట్లు. ఈ శనివారం పొద్దున వదిలేసి, లోపల తుడిచి, ఫిల్టర్ కడిగి, కొత్త నీళ్లు నింపండి. క్లోరిన్ సరిచూసుకున్నాక ఫిల్టర్‌ను ముందు ఒక గంట తగ్గించి పెట్టండి. ఆదివారం ప్యానెల్ మీద ఎంత చూపిస్తోందో మీవారినే చూడమనండి. మూత బాధ్యత మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి, అత్తగారి దగ్గరే ఉండనివ్వండి.